మొదటి వద్దు

మా తాండూరులో అన్నానికి కూర్చున్న మనిషి "వద్దు" అంటే దాన్ని ఎవరూ లెక్కచేసేవాళ్ళు కారు. ఆ మాట అనకపోతే తినేవాడు ఆత్రగాడు. అన్నాడు కదా అని వడ్డించడం ఆపేస్తే పెట్టేవాళ్ళు పిసినారులు. కాబట్టి తినేవాళ్ళు అనాలి, పెట్టేవాళ్ళు వినకూడదు. రెండూ సరిగ్గా జరిగితేనే మర్యాదగా భోజనం అయినట్టు. ఫ్రెంచి చదువుకున్న రోజుల గురించి చెప్తానని తిండి దగ్గర మొదలుపెట్టిందేమిటి అనుకోకండి. నా ఫ్రెంచి చదువంతా వచ్చి ఈ వద్దు దగ్గరే చిక్కుకుంది.

మా ఇల్లు బజారులో, నాయిన బట్టల దుకాణం వెనకాలే ఉండేది. ఎడమపక్కన ఒక ముస్లిం కుటుంబం, కుడిపక్కన సేడం వైపు నుంచి వచ్చిన కన్నడం వాళ్ళు. మూడిళ్ళ పిట్టగోడలూ నాకు దారులే. ఎడమపక్క ఇంట్లో "నక్కో" అనేవాళ్ళు, కుడిపక్క ఇంట్లో "బ్యాడ" అనేవాళ్ళు, మేము "వద్దు" అనేవాళ్ళం. ఏ ఇంట్లో ఎవరు ఎట్లా బలవంతం చేస్తారో చూడటం నాకు భలే సరదా. ఎడమపక్క పెద్దమ్మ గుండెమీద చెయ్యి వేసుకుని ఒట్టు పెట్టేది. కుడిపక్కావిడ మాట్లాడకుండా వెనకనుంచి వచ్చి కంచంలో వేసి పారిపోయేది. మా అమ్మ అయితే అలిగేది. ఈ పరిశోధన కోసం నేను ఎడమపక్క ఇంట్లో సేమియా తిన్న సంగతి అమ్మకు తెలిసిన రోజు నా వీపు పగిలింది. అయినా మానలేదు.

నిజాం రాజ్యం పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. బడిలో అలిఫ్, బే దిద్దుతున్న పలకమీద కొన్నాళ్ళకు అ, ఆ వచ్చి కూర్చున్నాయి. మా దుకాణం బోర్డుమీద అప్పటిదాకా ఉర్దూ పైన, తెలుగు కింద ఉండేది. నాయిన పెయింటరును పిలిచి తెలుగును పైకి ఎక్కించాడు. అక్షరాలు ఎందుకు మారాయని నేను అడిగితే నిచ్చెన పట్టుకునే చెప్పాడు.

"రేపు ఇంకొకడొస్తే మల్ల పెయింటరొస్తడు. మన చేతుల లేదు బిడ్డా. నువ్వు మాత్రం దొరికిన భాషనల్లా నేర్చుకో. వచ్చినోని భాషల పలకరిస్తే వాడు ఉత్త చేతుల్తోని మెట్టు దిగడు."

ఆయన లోకమంతా ఆ దుకాణం మెట్టుమీదే ఉండేది. కొనే మనిషి ధర విని, వద్దని చెప్పి, మెట్టు దిగాలి. నాయిన వెనక్కి పిలవాలి. మళ్ళీ దిగాలి, మళ్ళీ పిలవాలి. మొదటి మాటకే ఒప్పుకుని గుడ్డ తీసుకుపోయిన వాణ్ని చూస్తే నాయినకు సంతోషం ఉండేది కాదు. "గీనికేమో పరేషాన్ ఉన్నది, ఇంట్ల ఏం కష్టమొచ్చిందో" అని ఫికరు పడేవాడు.

ఫ్రెంచి నేనేదో కలలు కని ఎంచుకున్న భాష కాదు. నిజం చెప్పాలంటే దానికి కారణం ప్యాసింజరు బండి. తాండూరునుంచి రోజూ పట్నం కాలేజీకి పోయిరావడం కాని పని కాబట్టి నన్ను వికారాబాదులో మా మేనత్త ఇంట్లో ఉంచారు. అత్తమ్మ ఒంటరిది, ఇల్లు స్టేషను వెనకాలే. నేనెక్కే బండి దారిలో ప్రతి స్టేషనులో నీళ్ళు తాగి, పొగ వదిలి, తీరిగ్గా పట్నం చేరేసరికి పొద్దు బాగా ఎక్కేది. రెండో భాష క్లాసులన్నీ అప్పటికి అయిపోయేవి. ఒక్క ఫ్రెంచి మాత్రం మధ్యాహ్నం రెండింటికి. అందులో చేరేవాళ్ళు ఉండరని దాన్ని అన్నం తిని కునికే వేళకు నెట్టేశారు. అట్లా బండి నన్ను ఫ్రాన్సు వైపు తిప్పింది.

మొదట మాకు చెప్పినాయన పాండిచ్చేరిలో చదువుకున్న పెద్దమనిషి. ఆయన కూడా ఫ్రాన్సు చూడలేదు. మా వాచకంలో ఒక చిన్న పట్నం, అందులో ఒక కుటుంబం. ఆ ఇల్లాలు పాఠం పాఠంలోనూ పొద్దున్నే లేచి రొట్టె కొనుక్కురావడానికి దుకాణానికి పోయేది. నాకేమో ప్రాణం ఆగేది కాదు. రోజూ తినే రొట్టెను రోజూ కొనడమేమిటి? ఇంట్లో పొయ్యి లేదా? చేయడం రాదా? వీధిలో చూసినవాళ్ళు ఏమీ అనుకోరా? మాస్టారిని అడిగితే కళ్ళద్దాలు తీసి తుడుచుకుని "అది పరీక్షలో రాదమ్మా" అనేవారు. బండిలో వికారాబాదుకు తిరిగి వస్తూ ఆ ఇల్లాలి గురించే ఆలోచించేదాన్ని. పొద్దున్నే ఆమె వీధిలో ఏం చప్పుళ్ళు వినిపిస్తాయి? కూరగాయలమ్మేవాళ్ళు ఎట్లా అరుస్తారు? పిల్లల్ని ఏమని తిడుతుంది? వాచకంలో ఒక్క తిట్టు కూడా లేదు. తిట్లు లేని భాష ఉంటుందా అని నాకు పెద్ద అనుమానం.

ఎం.ఏ.లోకి వచ్చాక ఆ దేశపు ఆచార వ్యవహారాల మీద ఒక పేపరు ఉండేది. అందులో భోజనం గురించి ఒక పాఠం. ఆ దేశంలో ఇంటివాళ్ళు ఒకసారే అడుగుతారు, అతిథి చెప్పిందే జవాబు, మళ్ళీ అడగడం ఆ మనిషి మాటను నమ్మకపోవడం కిందికి వస్తుంది. అట్లాగే వడ్డించింది కంచంలో వదిలేస్తే వండిన మనిషిని అవమానించినట్టు. పరీక్షలో ఇదే ప్రశ్న వచ్చింది. రెండు పేజీలు నిండా రాశాను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా తెలివి ఎంతటిదో ముందు ముందు తెలుస్తుంది.

ఆ ఏడే ఫ్రాన్సునుంచి ఒక మేడం మాకు పాఠాలు చెప్పడానికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. పొట్టి జుట్టు, నూలు గౌను, తోలు చెప్పులు, నడిస్తే మేము పరుగెత్తాలి. ఆవిడకు నాకంటే ఎక్కువ అనుమానాలు. గోడలకు పసుపు చేతులు ఎందుకు అద్దారు? రిక్షావాడు ఎవరిని తిడుతున్నాడు, ఏమని? నేను ఒక ప్రశ్న అడిగితే ఆవిడ ఒకటి అడిగేది. రొట్టె సంగతి మొదటి వారమే తేల్చేసింది. ఇంట్లో చేయడం రాక కాదట, రొట్టె చేసేవాడి పొయ్యి అంత పెద్దది ఇంట్లో పట్టదట. పైగా పొద్దున్నే దుకాణానికి పోతేనే కదా ఊళ్ళో సంగతులు తెలిసేది అంది. బావి దగ్గరికి పోయినట్టే కదా! ఇంత చిన్న ముక్క చెప్పడానికి మూడేళ్ళపాటు ఒక్క మనిషి దొరకలేదు నాకు. తిట్లు కూడా ఉన్నాయట. రెండు నేర్పింది. ఆ సాయంత్రం బండిలో వాటిని మనసులో అనుకుంటూ ఎంత ఆనందపడ్డానో చెప్పలేను.

ఒకరోజు వరండాలో నడుస్తూ ఆగి, కింద పరిచిన నీలిబూడిద రంగు బండల్ని చెప్పుతో తట్టి, ఇవి ఎక్కడివని అడిగింది. "మా ఊరివే" అన్నాను. నిజంగానే ఆ వరండా అంతా తాండూరు బండ. అంతే, మీ ఊరు చూడాల్సిందే అని కూర్చుంది. ఒక ఆదివారం తీసుకుపోతానని నా దగ్గర మాట తీసుకుంది. నాయినకు చెబితే, దొరసాని మన ఇంటికా అని దుకాణానికి సున్నం వేయించాడు.

ఆ ఆదివారానికి ముందు వచ్చిన మంగళవారం జరిగింది అసలు కథ. క్లాసు అయ్యాక అదే వరండాలో మేడం నన్ను పిలిచింది.

"వచ్చే ఏడు మా దేశంలో ఒక సంవత్సరం చదువుకోవడానికి ఒక సీటు ఉంది. ఓడ ఖర్చు, గది, తిండి అన్నీ వాళ్ళవే. మీ పేరు పంపనా?"

ఆ ఇల్లాలి వీధి, రొట్టె దుకాణం, పొద్దుటి చప్పుళ్ళు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మనసు అప్పుడే ఓడెక్కింది. నోరు మాత్రం చిన్నప్పటినుంచీ నేర్చిన పని చేసింది.

"అబ్బే, నేనెంతదాన్ని మదామ్. నాకంటే బాగా చదివేవాళ్ళున్నారు. నాకొద్దు." తప్పు లేకుండా, మంచి ఫ్రెంచిలో అన్నాను. నా మొహం మండ.

మేడం ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "సరే. మీ ఇష్టం" అంది. చెప్పులు టకటకలాడించుకుంటూ మా ఊరి బండలమీదే నడిచి వెళ్ళిపోయింది. వరండా చివర ఆగి వెనక్కి తిరుగుతుందని నేను చూస్తున్నాను. ఆవిడ మలుపు తిరిగింది.

వికారాబాదులో దిగి ఇంటికి పోయేసరికి నా ముఖం చూసి అత్తమ్మకు ఏదో జరిగిందని తెలిసిపోయింది. చెప్పాను.

"మల్ల అడగలేదా?" అంది అత్తమ్మ.

"లేదు."

"ఒక్కసారే అడిగిందా?"

"ఒక్కసారే."

"గదేం మర్యాదే! పిలిచి పీటేసి గుంజుకున్నట్టు! ఔ మల్ల, గింత చదువు చదివింది, గీ పాటి తెల్వదా ఆమెకు?"

నాకు కూడా అప్పుడు మేడంమీద కోపమే వచ్చింది. నా మాటను అంత తేలిగ్గా తీసుకుంటుందా! రెండు పేజీల జవాబు, వచ్చిన మార్కులు, ఒక్కటీ గుర్తుకు రాలేదు. పరీక్షలో రాసిన చెయ్యి వేరు, జవాబిచ్చిన నోరు వేరు.

"రేపు అడుగుతది సూడు" అంది అత్తమ్మ.

మర్నాడు నేను ముందు బెంచీలో కూర్చున్నాను. క్లాసు అయ్యాక ఆవిడ పుస్తకాలు మోశాను. అడగకుండానే నీళ్ళు తెచ్చి ఇచ్చాను. మేడం మెర్సీ అని థాంక్స్ చెప్పింది, నవ్వింది, ఎండల గురించి మాట్లాడింది. సీటు మాట లేదు. ఆ తర్వాతి రోజూ అంతే. ఏమీ జరగనట్టు అంత హాయిగా ఉన్న మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

"పోయి నువ్వే అడుగరాదు?" అంది అత్తమ్మ చివరికి.

"సచ్చినా అడుగ. వద్దన్న నోటితోనే మల్ల కావాలె అంటే ఏమనుకుంటది? గింతటి ఆశపోతుదా అనుకోదా?"

"గది గూడ నిజమే" అని అత్తమ్మ ఒప్పుకుంది. పొయ్యి దగ్గరికి పోతూ, "అయినా ఇన్ని సముద్రాలు దాటి మీ నాయిన పంపుతడా?" అంది.

"పంపడు."

"మరెందుకే ఏడుస్తున్నవ్?"

"ఆమె మల్ల అడగాలె గద అత్తమ్మా. అడిగితే గద నాయిన దాంక పోయేది!"

అదీ నా స్థితి. ఆ ఏడాది కావాలని నేను తిండి సహించక చస్తున్నాను, ఆ ఒక్కమాట చెప్పడానికి నాకు దారి లేదు.

ఆదివారం మేడం పట్నంలో పొద్దున బండి ఎక్కింది. వికారాబాదులో నేనెక్కాను. అత్తమ్మ ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఉడకబెట్టిన పల్లికాయ సంచి కిటికీలోంచి అందించి, నా చెవిలో "బండ్లె అడుగుతది, తయారుగుండు" అని చెప్పింది. తయారుగానే ఉన్నాను. మేడం కంది చేలు చూసింది, జొన్న చేలు చూసింది, పల్లికాయ ఒలవడం నేర్చుకుంది, ఎర్ర నేల ఎక్కడ ఆగి నల్ల నేల ఎక్కడ మొదలవుతుందో కిటికీకి ముఖం ఆనించి కనిపెట్టింది. తాండూరు వచ్చేసింది.

బండల గనిలో ఆవిడ చిన్నపిల్ల అయిపోయింది. నేలను పొరలు పొరలుగా విప్పి బండలు తీస్తారు కదా, గోతి అంచున గొంతుక్కూర్చుని ఆ పొరలమీద వేలు పెట్టి రాసింది. ఇది ఒకప్పుడు నీటి అడుగు అయి ఉండాలి అంది. రోజూ తొక్కే బండ గురించి నేనెప్పుడూ ఆ మాట అనుకోలేదు. ఇంత కుతూహలం ఉన్న మనిషికి నా మనసులో ఏముందో మాత్రం తెలుసుకోవాలని ఎందుకు అనిపించదు అని లోపల ఏడుపు వచ్చింది.

ఇంటికి వచ్చాం. నాయిన గడపలోనే నిలబడి దండం పెట్టి, తనకు వచ్చిన నాలుగు భాషల్లోనూ పలకరించాడు. అమ్మ కొత్త చీర కట్టుకుని వంటింట్లోంచి తొంగిచూసింది. పీట వేసి, విస్తరి వేశారు. మేడం గౌను సర్దుకుని కింద కూర్చుంది, నేను పక్కన నిలబడ్డాను. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు, ఆ తర్వాత కందిపప్పు పూర్ణం పెట్టిన పోలెలు, మీద నెయ్యి. పోలె ఆవిడకు బాగా నచ్చింది. తునక మిగల్చకుండా తినేసింది. అమ్మ ఇంకోటి వేసింది. అదీ తిని, నేను బండిలో నేర్పిన తెలుగులో "చాలు" అంది. అమ్మ మురిసిపోయింది.

"అయ్యో, ఎంత ముద్దుగ అన్నది! ఇంకోటి తినాలె, గదేం తిండి, పిట్ట తిన్నట్టు" అంటూ వేసేసింది.

ఇప్పుడు జరిగింది వినండి. వేసింది వదలడం ఆవిడ దేశంలో తప్పు. కాబట్టి మేడం కష్టపడి తినేసింది. ఖాళీ విస్తరి చూసి ఊరుకోవడం మా ఇంట్లో తప్పు. కాబట్టి అమ్మ మళ్ళీ వేసింది. "చాలు, చాలు" అంది మేడం. అమ్మ నెయ్యి కూడా పోసింది. ఆవిడ ముఖం కందగడ్డ అయింది, నుదుట చెమట పట్టింది. తింటోంది, అమ్మ వేస్తోంది. నాయిన స్తంభానికి ఆనుకుని "మస్తు తింటది గని పాపం, మొగమాట పడుతుంది, అడిగి వెయ్" అంటున్నాడు.

మేడం చివరికి నావైపు తిరిగి ఫ్రెంచిలో మొత్తుకుంది. "నేను వద్దంటున్నాను. మీ అమ్మకు నా తెలుగు అర్థం కావడం లేదా?"

నాకు నవ్వు ఆగలేదు. "బాగానే అర్థమైంది మదామ్. మా దగ్గర మొదటి వద్దును లెక్కలోకి తీసుకోరు. అది మర్యాద కోసం అనే మాట. రెండోది పెట్టేవాళ్ళ ముచ్చట తీర్చడానికి. నిజంగా కడుపు నిండితే అనేది మూడో వద్దు. దానికి అరచేయి విస్తరికి అడ్డం పెట్టి, లేవబోతున్నట్టు కదలాలి. మొదటి వద్దునే నమ్మి ఎవరైనా ఊరుకుంటే, ఆ మనిషి..."

అక్కడ నా మాట ఆగిపోయింది. పరీక్షలో రాసిన రెండు పేజీలు అప్పుడు గుర్తొచ్చాయి.

మేడం చేతిలో పోలె ముక్క విస్తరిలో పెట్టింది.

"మంగళవారం మీరు నాకు చెప్పిన వద్దు," అంది నెమ్మదిగా, "ఈ మూడింటిలో ఏది?"

"మొదటిది, మదామ్" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి.

అమ్మ అప్పటికే గంప నింపుకురావడానికి వంటింట్లోకి పోయింది. ఏ భాషలో అయినా ఏడుపు ఏడుపే కదా. నాయిన స్తంభం వదిలి దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది బిడ్డా? ఏమన్నదామె?"

చెప్పక తప్పలేదు. సీటు సంగతి, ఓడ సంగతి, ఏడాది సంగతి, నేను వద్దన్న సంగతి అన్నీ నేలచూపులు చూస్తూ చెప్పాను.

"నన్నెందుకు అడగలే?"

"నువ్వు వద్దంటవని."

"నేనన్ననా?"

"అనలే. అంటవని..."

"నేను అనకముందే నా వద్దు గూడ నువ్వే అన్నవా?" నాయిన గొంతులో కోపం లేదు. దెబ్బ తగిలినట్టు ఉంది. "దొరికిన భాషనల్లా నేర్చుకొమ్మన్నది నేను గాదా? భాష నేర్చుకొమ్మని చెప్పినోడు ఆ భాష ఉన్న ఊరికి పోవద్దంటడా? మంచిగనే అర్థం చేసుకున్నవ్ నన్ను!"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మేడం విస్తరి ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు. బేరగాడు మెట్టు దిగినప్పుడు ఆయన ముఖంలో కనిపించే కళ వచ్చింది.

"అడుగు ఆమెను. బేరం ఇంక ఉన్నదా, తెగిందా?"

"నేనెట్ల అడగాలె నాయినా? నేనే గద వద్దన్న."

"నువ్వేడ అడుగుతున్నవ్? అడిగేది నేను. నువ్వు ఆమె భాషల చెప్పు, గంతే."

అట్లా నా నోటితో, నాయిన మాటగా, నాకోసం నేనే అడిగాను. నా బతుకులో చేసిన అనువాదాలన్నిటిలో అదే కష్టమైనది. మా నాన్నగారు అడుగుతున్నారు, ఆ సీటు ఇంకా ఉందా, లేక ఇంకొకరికి ఇచ్చేశారా అని అన్నాను.

"ఇంకా ఎవరినీ అడగలేదు" అంది మేడం. "మీ నాన్నగారికి చెప్పండి, సీటు ఉంది. కానీ నేను ఆయన్ని అడగను. మిమ్మల్నే అడుగుతాను. మా పద్ధతిలో ఇదివరకే ఒకసారి అడిగాను, మీ పద్ధతిలో ఇది రెండోసారి. మూడోసారి అడగడం నాకు చేతకాదు. పోతారా?"

అమ్మకు ఫ్రెంచి రాదు గానీ ఎవరో ఏదో ఇస్తామని అడిగే గొంతు ఏ భాషలోనైనా తెలుస్తుంది. పోలెల గంపతో అప్పుడే వంటింట్లోంచి వచ్చి, నా వెనకే నిలబడి భుజం గిల్లి గుసగుసగా అంది.

"ఏం అడుగుతుందో గని, ముందుగాల వద్దను. గింత ఆత్రంగ కనబడకు."

"వుయ్" అన్నాను. అంటే ఔనని. ఇంకొకసారి కూడా అన్నాను, వినిపించలేదేమోనని భయమేసి.

నాయిన పెద్దగా నవ్వాడు. మేడం నవ్వింది. అంతలో అమ్మ గంప వంచబోతే, ఆవిడ అరచేయి విస్తరికి అడ్డం పెట్టి, లేవబోతున్నట్టు కదిలి, "వద్దు" అంది. అమ్మ ఆశ్చర్యపోయి గంప వెనక్కి తీసుకుంది. అంత సంతోషం ఆ ఇంట్లో నేను అంతకుముందు చూడలేదు.

మేడంను నాయిన దుకాణం చూపించడానికి ముందుకు తీసుకుపోయాడు. నేను వంటింట్లో విస్తరి ముందు కూర్చున్నాను. మంగళవారంనుంచి సహించని అన్నం ఇప్పుడు ఆవురావురుమని తింటున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఏం అడిగిందామె? అందరు నవ్విన్రు, నాకెవ్వరు చెప్పలే."

చెప్పాను. నాయినకు చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. అమ్మ పొయ్యిలో బూడిద ఎగదోస్తూ వింది.

"ఓడల పోతవా?"

"ఔనమ్మా."

"ఏడాది ఉంటవా?"

"ఏడాదే. మల్ల ఒస్త."

"ఇప్పుడు గా పీట మీద కూసొని అడిగింది గదేనా?"

"గదే."

దుకాణంలోంచి నాయిన ఉర్దూలో ఏదో వివరించడం, మేడం ఫ్రెంచిలో జవాబు చెప్పడం వినిపిస్తోంది. ఒకరిది ఒకరికి అర్థం కాకపోయినా ఇద్దరూ ఆపడం లేదు.

"మమ్ముల ఇడిచి పొమ్మని అడిగితే," అంది అమ్మ, "ఒక్కసారన్న వద్దనకపోతివి బిడ్డా."

మూడు ఇళ్ళ భాషలూ, ఆ మీద బండిలో తిరిగి తిరిగి నేర్చుకున్న భాషా, ఒక్కదానిలోనూ దానికి మాట దొరకలేదు. అమ్మ లేచి గంపలోంచి పోలె ఒకటి తీసి చేతిలో పట్టుకుంది.

"ఇంకోటి వెయ్యాల్నా?"

"వద్దమ్మా" అన్నాను, ఎప్పుడూ అనేటట్టే.

రెండో వద్దు కోసం నేను తల ఎత్తేసరికి అమ్మ పోలెను గంపలో పెట్టేసి, మీద బట్ట కప్పేసింది. నాకు ఇంకా ఆకలిగానే ఉంది.